కొత్త ఫైలు పుట్టని వేళలు

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు మాదాపూర్ వైపు వెళ్తుంటాను. పాత అలవాటు కొద్దీ టీ కొట్టు దగ్గర నిలబడితే, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు పలకరిస్తారు. "అన్నా, మీ టైంల సర్వర్ మొండికేస్తే ఏం జేసేటోళ్ళు?" అని అడుగుతారు. "టీ తాగేటోళ్ళం," అంటాను. నవ్వుతారు. నేను జోకు వేయలేదు. సర్వర్లకు వచ్చే జబ్బుల్లో సగం మేము టీ తాగి వచ్చేలోపు వాటంతట అవే తగ్గిపోయేవి. మేమూ సంతోషించి, ఏదో చేసినవాళ్ళలా మొహం పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

అలా తనంతట తానే తగ్గిపోయే జబ్బుకన్నా చెడ్డది ఇంకొకటి లేదని ఉద్యోగం చివరి రోజుల్లో తెలిసింది. మీలో సర్వర్ల పని చేసేవాళ్ళు ఉంటే ఇది చదవండి. చేయనివాళ్ళు కూడా చదవచ్చు, పరీక్షేమీ పెట్టను.

పరీక్షలంటే నాకూ పడదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. బడే వీణ్ణి మానేసిందని మా లెక్కల సారు అనేవాడు; ఆ విషయంలో మా ఇద్దరికీ పెద్దగా గొడవ లేదు. గచ్చిబౌలిలో బండలు పేల్చి బిల్డింగులు లేపుతున్న రోజుల్లో ఒక ఏసీ మెకానిక్ వెంట మొదటిసారి సర్వర్ రూములో కాలు పెట్టాను. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బతికితే ఇక్కడే బతకాలనుకున్నాను. ఏసీ నుంచి యూపీఎస్‌కు, అక్కడి నుంచి కేబుళ్ళకు, కేబుళ్ళ నుంచి స్క్రీను ముందుకు జరుగుతూ జరుగుతూ ఆపరేటర్‌నయ్యాను. ఇంగ్లిష్‌లో ఎర్రర్ వస్తే చదివి అర్థం చేసుకోగలను. ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే మాత్రం దగ్గు వచ్చేస్తుంది.

మాది చిన్న కంపెనీ. వేరేవాళ్ళ లెక్కలు, రికార్డులు మా సర్వర్లలో దాచిపెట్టి చూసుకోవడం మా పని. ఒక నగల దుకాణాలవాళ్ళు, ఊరంతా బ్రాంచీలున్న ఒక రక్తపరీక్షల ల్యాబువాళ్ళు, ఇంకా ఒకరిద్దరు మా కస్టమర్లు.

మా మేనేజర్ గోదావరి జిల్లా మనిషి. నోట్లోంచి 'అండి' లేకుండా మాట రాదు. సర్వర్ ఆగిపోయినా దాని ముందు నిలబడి "ఏవైందండి దీనికి?" అనేవాడు. దాన్ని కూడా 'మీకు' అనలేదని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన దగ్గర ఇంకొక అలవాటు ఉండేది. రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టడు. కొత్త మీటింగు, కొత్త సంతకం, ఊరికి ప్రయాణం, ఏదీ లేదు. ఆ గంటన్నర సేపు పాత మెయిళ్ళు చదువుకుంటూ కూర్చుంటాడు. మాకు అది అలవాటైపోయి వింతగా అనిపించేది కాదు. మీటింగు పన్నెండుంపావుకు పెడితే ఆ రోజు శుక్రవారమని మాకు తెలిసిపోయేది.

ఇక అసలు మనిషి. వికారాబాద్ అవతల పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. మాదాపూర్‌లో హాస్టల్లో ఉండేది. డేటాబేసుల పని తెలిసిన పిల్ల, కానీ కాంట్రాక్టు మీద తీసుకున్నారు. మొదటి రోజు నన్ను "అంకుల్" అంది. "అన్నా అంటే పని చెప్త, అంకుల్ అంటే అటెండెన్సు గూడ చెప్ప," అన్నాను. "తాత అందామనుకున్న, జర ఆగిన," అంది. ఆ రోజు నుంచి మాకు కుదిరిపోయింది.

పాతబడిన సర్వర్లన్నీ తీసేసి, వాటిలో ఉన్నదంతా ఒకే కొత్త సర్వర్‌లోకి మార్చే పని ఆమెకు ఇచ్చారు. ఇల్లు మారడం లాంటిదే అది; గిన్నెలు, మంచాలు, గోడ గడియారం, గూట్లో దీపంతో సహా అన్నీ తేవాలి. ఆమె అన్నీ తెచ్చింది. ఒక్క గిన్నె పగల్లేదు. మార్పిడి సాఫీగా కుదురుకుంటే నెలాఖరుకు పర్మనెంట్ చేస్తామని, కుదరకపోతే కాంట్రాక్టు అక్కడితో సరి అని కంపెనీ ముందే చెప్పింది.

"సరి అంటే ఏంజేస్తవ్ బిడ్డా?" అని అడిగాను.

"ఇంటికి రమ్మన్నడు మా నాయిన. ఊర్ల ప్రైవేటు స్కూల్ల కంప్యూటర్ టీచర్ పోస్టు చూసిపెట్టిండు."

"మంచిదే గదా."

"ఆడ కంప్యూటర్ ఒక్కటే ఉందన్నా. దానికి గూడ సలి పెడుతదని దుప్పటి కప్పుతరు."

నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ తర్వాత చాలాసేపు స్క్రీను వైపు చూస్తూ ఏమీ టైపు చేయలేదు.

కొత్త సర్వర్‌లోకి మారిన తొలి వారమే జబ్బు మొదలైంది. ల్యాబువాళ్ళ పద్ధతి ఎట్లా ఉండేదంటే, ఏ బ్రాంచి నుంచైనా రక్తం శాంపిళ్ళు ఒక విడతగా వస్తే ఆ విడతకు సర్వర్‌లో ఒక కొత్త ఫైలు తయారవుతుంది. ఫలితాలు అందులో నిండుతాయి, రిపోర్టులు వెళ్ళిపోతాయి. ఉన్నట్టుండి ఆ కొత్త ఫైలు తయారవడం ఆగిపోయేది. 'ఫైలు సృష్టించలేకపోతున్నాను, అనుమతి లేదు' అని ఎర్రర్. చిత్రమేమిటంటే పాత ఫైళ్ళన్నీ భేషుగ్గా ఉండేవి. చదవచ్చు, అందులో రాయచ్చు. కొత్తది మాత్రం పుట్టదు. కాసేపటికి మళ్ళీ దానంతట అదే పుట్టేది.

సోమవారం పొద్దున్నే, పరగడుపున రక్తం ఇవ్వడానికి జనం వరసలో ఉన్నప్పుడు ఆగింది. మంగళవారం మూడు దాటాక ఆగింది. బుధవారం సరిగ్గా మేము టిఫిను డబ్బాలు విప్పే వేళకు ఆగింది. డిస్కు నిండిందా అంటే సగం కూడా నిండలేదు. మెమరీ బాగుంది. నెట్‌వర్కు బాగుంది.

నేను ఊరుకుంటానా? నా అనుభవమంతా బయటికి తీశాను. మొదట ఏసీని అనుమానించాను. తర్వాత జనరేటర్‌కు మార్చేటప్పుడు కరెంటు ఒక్క క్షణం తడబడుతోందని తేల్చాను. తేల్చడమే కాదు, చేతులు కట్టుకుని పెద్దమనిషిలా చెప్పాను కూడా. ఆ అమ్మాయి ఓపికగా విని, జనరేటర్‌కు మారిన వేళలు, ఎర్రర్ వచ్చిన వేళలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండింటికీ చుట్టరికమే లేదు. "నీ జనరేటర్ మీద కేసు కొట్టేసిన అన్నా," అంది. నేను అప్పీలుకు వెళ్ళలేదు.

ఫోనులో మా కంపెనీ బెంగళూరు టీమును అడిగారు. వాళ్ళు ఒకరోజు జబ్బు ఉన్నప్పుడే అక్కడి నుంచి లాగిన్ అయ్యి, తమ చేతులతో ఒక ఫైలు తయారుచేసి చూశారు. వెంటనే తయారైంది. "మాకు అవుతోంది, సర్వర్ బాగుంది. మార్చినవాళ్ళ పనిలోనే ఏదో తేడా ఉంది," అని మెయిలు పెట్టి కాఫీకి వెళ్ళిపోయారు. మార్చింది ఈ అమ్మాయే కదా. ఆ మెయిలులో ఆమె పేరు లేదు, కానీ ఆఫీసులో అందరూ ఆమె వైపే చూశారు.

మా మేనేజర్ మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కాదు, అసలు చూడనివ్వలేదు కూడా. ఎర్రర్ వచ్చిందని ఆమె పరిగెత్తుకుంటూ వెళ్తే, గోడ గడియారం చూసి, "ఇప్పుడొద్దమ్మా. కాసేపు ఆగి, టైం మంచిదయ్యాక ముట్టుకుందాం," అనేవాడు. టైం మంచిదయ్యేసరికి సర్వరూ మంచిదైపోయేది. "చూశావా, సర్దుకుంది," అనేవాడు తృప్తిగా.

బుధవారం సాయంత్రం ల్యాబువాళ్ళ దగ్గర నుంచి కబురు వచ్చింది. ఇట్లాగే ఉంటే వేరే కంపెనీ చూసుకుంటామన్నారు. గురువారం వాళ్ళ గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్ళి సర్దిచెప్పి రావాలని మేనేజర్ బయలుదేరాడు. ఆ అమ్మాయిని, నన్ను వెంట తీసుకున్నాడు. నన్నెందుకంటే, అవతలివాళ్ళు కోపంగా ఉంటే నేను ఏదో ఒకటి వాగి నవ్విస్తానని.

క్యాబు వచ్చింది. ఆ అమ్మాయి చార్జరు మర్చిపోయానని వెనక్కి వెళ్ళబోయింది. మేనేజర్ కంగారు పడిపోయాడు.

"వద్దమ్మా, నాది ఇస్తాను, ఎక్కేయ్! ఒంటిగంటన్నర లోపు మనం గేటు దాటాలి."

"ట్రాఫిక్ అనా సార్?" అంది ఆమె.

"ట్రాఫిక్ కాదమ్మా, గురువారం కదా. రాహుకాలం మొదలైపోతుంది."

క్యాబు గేటు దాటింది. ఆయన హమ్మయ్య అనుకుని సీటుకు చేరబడ్డాడు. కాసేపటికి ఆమె ఫోను మోగింది. సర్వర్ నుంచి వచ్చే అలర్టు. ఫైలు సృష్టించలేకపోతున్నాను, అనుమతి లేదు.

ఆమె ఫోను చూసింది. మేనేజర్‌ను చూసింది. మళ్ళీ ఫోను చూసింది. నేను ముందు సీట్లో నుంచి అద్దంలో ఇదంతా చూస్తున్నాను కానీ నాకేమీ అర్థం కాలేదు.

"సార్," అంది నెమ్మదిగా. "మంగళవారం రాహుకాలం ఎప్పుడుంటది?"

"మూడు నుంచి నాలుగున్నరమ్మా."

"బుధవారం?"

"పన్నెండు నుంచి ఒకటిన్నర." ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు ఒక పిల్ల ఈ విషయం అడిగింది. "సోమవారం అయితే పొద్దున్నే ఏడున్నరకే."

"రేపు?"

"పదిన్నర నుంచి పన్నెండు. ఏవమ్మా, ఇంట్లో ఏమైనా సంబంధం చూస్తున్నారా?"

"లేదు సార్. సర్వర్‌కు చూస్తున్న."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అప్పుడే అయ్యింది, అయ్యీ నమ్మలేదు. సర్వర్ పంచాంగం చూడటమేమిటి! గచ్చిబౌలి దాకా నేను ఒక్క జోకు కూడా వేయలేదు. డ్రైవరుకు నా మీద అనుమానం వచ్చి ఉంటుంది.

ల్యాబువాళ్ళ తరఫున మాట్లాడిన మేడం గట్టి మనిషి. కేకలు వేయలేదు. "రేపు నేనే మీ ఆఫీసుకు వస్తాను. కారణం చూపించండి. కారణం తెలియకపోతే నెలాఖరు దాకా కూడా ఆగను," అంది. మేనేజర్ రేపు పన్నెండుంపావుకు రమ్మన్నాడు. ఎందుకో మీకు తెలుసు.

తిరిగొచ్చాక ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, రేపు పదిన్నరకు జర ముందు ఒకపారి, జర తర్వాత ఒకపారి సర్వర్ల చూస్త. నడుమ ఏం మారిందో అదే దొంగ. కాని సర్వర్ లోపల అంత సూపెట్టే పెద్ద లాగిన్ ఈడ సార్ దగ్గర్నే ఉంది. పన్నెండు దాకా ముట్టనియ్యడు. నువ్వు ఒప్పియ్యాలె."

"నేను తొమ్మిదో తరగతి గూడ పాసు కాలే బిడ్డా."

"అందుకే నీకు భయం లేదు. నాకైతే నెలాఖరు ఉంది."

ఒప్పించే మాటలు వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాను.

శుక్రవారం. పదిన్నర కాకముందే మేనేజర్‌తో పెద్ద లాగిన్ కొట్టించుకుని, సర్వర్‌లో ఉన్నదంతా ఆమె ఒకసారి చూసిపెట్టుకుంది; తర్వాత ఆయన లాగిన్ మూసేశాడు. పదిన్నర దాటింది. అలర్టు వచ్చింది. ఆమె మేనేజర్ దగ్గరికి వెళ్ళింది, వెనక నేను.

"సార్, ఆగింది. ఇప్పుడే చూడాలె. జర పెద్ద లాగిన్ కొట్టండి సార్."

"పన్నెండు కానివ్వమ్మా. ఆవిడ వచ్చేసరికి అదే సర్దుకుంటుంది."

"సర్దుకున్నంక చూసుడికి ఏముంటది సార్? వారం సంది గదే అయితుంది. జొరం ఉన్నప్పుడు దవాఖానకు తోల్కపోతలేం. తగ్గినంక పోయి, ఏం లేదంటె ఇంటికొస్తున్నం."

ఆయన ఇబ్బందిగా నా వైపు చూశాడు. ఇక నా వంతు.

"సార్, రాహుకాలంల కొత్త పని మొదలుపెట్టద్దు, అంతేనా?"

"అంతేనండి."

"గిది కొత్తదా సార్? సోమవారం నాడే మొదలైంది. ఇంక నడుస్తనే ఉంది. నడుస్తున్న పని ఆపాలని ఏ పంచాంగంల ఉంది? పొద్దున తినుడు మొదలువెట్టిన ఇడ్లీ, రాహుకాలం వచ్చిందని సగంల ప్లేటు పక్కకు వెడుతరా?"

"ఇడ్లీ వేరండి," అన్నాడు. కానీ ఆలోచనలో పడ్డాడు. ఆయన మూర్ఖుడు కాదు. తనకు నచ్చిన న్యాయం దొరికితే ఒప్పుకునే మనిషి.

సరిగ్గా అప్పుడు అద్దాల తలుపు తోసుకుని ల్యాబు మేడం లోపలికి వచ్చింది. పన్నెండుంపావు దాకా ఆగలేక ముందే మెట్రో ఎక్కేసిందట. చెవి దగ్గర ఫోను ఉంది. "ఇప్పుడూ ఆగిందా? సరే, కూర్చోబెట్టండి వాళ్ళను," అని అవతలివాళ్ళకు చెప్పి, మా ముగ్గురినీ చూసింది. "రెండు బ్రాంచీల్లో జనం రిపోర్టుల కోసం నిలబడి ఉన్నారు. మీరు ఇక్కడ నిలబడి ఉన్నారు. ఏం చేస్తున్నారో చెప్తారా?"

మేనేజర్ గడియారం చూశాడు. పదకొండు కూడా కాలేదు. అమ్మాయిని చూశాడు. ఆమె కుర్చీ ఆయన వైపు జరిపింది.

ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. కూర్చుని పెద్ద లాగిన్ కొట్టాడు. నా పాతికేళ్ళ ఉద్యోగంలో ఎందరో ధైర్యంగా ఎన్నో స్విచ్చులు వేయడం చూశాను. అంతకన్నా ధైర్యంగా ఎంటర్ కొట్టిన మనిషిని చూడలేదు.

"ఒక ఫైలు చేయండి సార్," అంది ఆమె.

చేశాడు. తయారైంది. "నాకు అవుతోందమ్మా!"

"మీకైతది సార్. బెంగళూరోళ్ళకు గూడ అయ్యింది. అందరం పెద్ద లాగిన్‌తోని చూసినం. దాన్ని ఏ తలుపు ఆపది. డేటాబేసు రోజూ ఏ పేరు మీద పనిచేస్తదో ఆ పేరుతోని ఒకపారి చూడండి."

మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఆఫీసు యజమానిని గేటు దగ్గర ఎవరూ ఐడీ కార్డు అడగరు. అందుకే గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందని ఆయన అనుకుంటాడు. గేటు మూసి ఉందో లేదో తెలియాలంటే మామూలు ఉద్యోగిని అడగాలి.

ఆమె చెప్పిన పేరుతో చూశాడు. అనుమతి లేదు.

ఆమె ముందుకు వంగి పదిన్నరకు ముందు తాను చూసిపెట్టుకున్నది, ఇప్పటిది పక్కపక్కన తెరిచింది. ఫోల్డర్లన్నీ అవే. కానీ ఒక్క తేడా: పదిన్నరకు ముందు అన్నిటికీ లోపల కొత్తది పెట్టే అనుమతి ఉంది. ఇప్పుడు ఒక్కదానికీ లేదు.

"ఎవరో తీసేస్తున్నారు," అన్నాడు మేనేజర్.

"మనమే తీస్తున్నం సార్," అంది. సర్వర్ తనంతట తాను వేళకు చేసే పనులు కొన్ని ఉంటాయి. పొద్దున్నే బ్యాకప్, సాయంత్రం రిపోర్టు, అట్లాంటివి. ఆ పనుల్లో ఒకటి తెరిచింది. వారంలో ప్రతి రోజుకూ ఒక వేళ రాసి ఉంది. ఆ వేళకు పెద్ద ఫోల్డర్‌లో ఉన్న ఫోల్డర్లన్నిటికీ తాళం. గంటన్నర తర్వాత తాళం తీయడం. పైన ఒక వరస: 'ఇది తీయొద్దు. ఎందుకని అడగొద్దు.'

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది, పిల్లలూ. పాతవాళ్ళు తీయొద్దని రాసి వెళ్ళినదాన్ని ఎవరూ తీయరు. ఎందుకుందో తెలియకపోతే ఇంకా గట్టిగా తీయరు. పాత ఇంట్లో మూలన ఏదో మూట కట్టి ఉంటే విప్పకుండా దణ్ణం పెట్టి పక్కన పెడతామే, అట్లా. ఈ అమ్మాయి కూడా ఆ మూటను విప్పకుండా కొత్త ఇంటికి తెచ్చింది.

ఆ వరస రాసింది ఎవరో నాకు తెలుసు. మా పాత అడ్మిన్, నాకన్నా ముందే రిటైరై నల్లగండ్లలో ఉంటున్నాడు. స్పీకరు ఆన్ చేసి ఫోను కలిపాను. సంగతి వినగానే ఒకటే నవ్వు.

"అరె, అదింక నడుస్తుందా! నేనే పెట్టిన భయ్. అప్పుడు ఆ సర్వర్ల నగల దుకాణమోళ్ళది ఒక్కటే ఉండె. రాహుకాలంల ఎవడన్న మర్చిపోయి కొత్త బ్రాంచి ఖాతా తెరిస్తే సేటు ఊకుంటడా? అందుకే ఆ టైంకు తలుపే మూసేసిన. ఒక్క కంప్లయింటు రాలే ఇన్నేండ్లు."

"ఎట్ల వస్తది?" అన్నాను. "వాళ్ళు ఆ టైంల తెరువనే తెరువరు గదా. మరి ఎందుకని అడగొద్దని ఎందుకు రాసినవ్?"

"అడిగితే నవ్వుతరని."

ఇన్నాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఇప్పుడు అదే కప్పు కింద ల్యాబువాళ్ళు, ఇంకొకరు కూడా చేరారు. తాళం మాత్రం పాత పద్ధతిలోనే మొత్తం ఇంటికి పడుతోంది.

ఫోను పెట్టేశాను. మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా అత్తగారికి చెప్తే వచ్చి ఈ సర్వర్‌కు కొబ్బరికాయ కొడుతుంది," అంది. నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదని చూసి ఆపుకున్నాను. "సరే. కారణం దొరికింది. పొరపాటు ఎవరిది?"

"నాదే మేడం," అంది ఆ అమ్మాయి వెంటనే. "అన్నీ చూసి తేవాలె. ఇది ఒక్కటి సదువకుంట తెచ్చిన."

నెలాఖరు నాకు కళ్ళ ముందే కనబడింది. పిచ్చిదానా, ఇప్పుడే చెప్పాలా అనుకున్నాను.

మేనేజర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి చెప్పింది సగమేనండి. తెచ్చింది ఆవిడ. కానీ మొదటి రోజే చూస్తానంది, నేను ఆపాను. జబ్బు ఉన్నంతసేపూ వద్దన్నాను. పోయాక చూడమన్నాను. వారం రోజులు మీ జనం నిలబడింది నావల్లనండి." మర్యాదగా, ప్రతి వాక్యానికీ 'అండి' కలిపి, తలెత్తి చెప్పాడు. ఆయన నమ్మకాన్ని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ రోజు మాత్రం చేయలేదు, ఇప్పుడూ చేయను.

మేడం స్క్రీను మీది ఆ వరసను వేలితో చూపించింది. "అయితే దీన్ని తీసేయండి."

"తియ్య మేడం," అంది అమ్మాయి.

అందరం ఆమె వైపు తిరిగాం.

"నగల దుకాణమోళ్ళు కోరి పెట్టిచ్చుకున్నరు. వాళ్ళను అడుగకుంట తీస్తే అది ఇంకో తప్పయితది. తాళం వాళ్ళ ఒక్క గదికే పడెటట్టు మారుస్త. మీ గదికి పడది. ఇప్పుడే, మీ ముంగటనే చేస్త. తర్వాత వాళ్ళకు ఫోన్ జేసి ఉంచాల్నా తియ్యాల్నా అడుగుత."

మేనేజర్ ఆమెను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అప్పటిదాకా ఆఫీసులో ఆయన అలవాటును చూసి నవ్వినవాళ్ళున్నారు, భరించినవాళ్ళున్నారు. ఇంకొకరి నమ్మకానికి కూడా ఒక గది ఉండాలని, దాని తాళం పక్కవాడి తలుపుకు పడకూడదని ఇంత మామూలుగా చెప్పినవాళ్ళు లేరు. ఆయన లేచి ఆమెకు కుర్చీ ఇచ్చాడు. పెద్ద లాగిన్ తెరిచే ఉంది, మూయలేదు.

ఆమె కూర్చుని మార్చడం మొదలుపెట్టింది. రాహుకాలం ఇంకా చాలా ఉంది. ఎవరూ గడియారం చూడలేదు. ల్యాబువాళ్ళ ఫోల్డర్‌కు అనుమతి తిరిగి వచ్చిన మరుక్షణం, ఆగి ఉన్న విడతలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. స్క్రీను మీద కొత్త ఫైళ్ళు వరసగా పుట్టుకొచ్చాయి. మేడం ఫోను మోగింది. "ఆ, వచ్చాయా? సరే, పంపించేయండి వాళ్ళను ఇళ్ళకు," అని పెట్టేసింది.

పిల్లలూ, జబ్బు ఉన్నప్పుడే దాని మొహం చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. రిటైరయ్యే ముందు నేర్చుకోవడం వల్ల పెద్దగా ఉపయోగపడలేదు, మీకు ఇస్తున్నాను. ఇంకొకటి, ఎందుకని అడగొద్దు అని ఎక్కడైనా రాసి ఉంటే మొదట అదే అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.

మేడం బ్యాగు భుజానికి తగిలించుకుంది. వెళ్ళబోతూ ఆగింది.

"ఇకమీద మా పని ఈ అమ్మాయే చూడాలి. కానీ ఈమె కాంట్రాక్టు మనిషి అని విన్నాను. మీ కాంట్రాక్టువాళ్ళు ఇవాళ ఉంటారు, రేపు ఉండరు. నేను ఎవరికి ఫోన్ చేయాలి?"

మేనేజర్ ఎవరినీ అడగలేదు. హెచ్ఆర్‌కు ఫోన్ చేయలేదు. పై ఆఫీసుకు మెయిలు పెట్టలేదు. కాగితాలు ఆ తర్వాత వాటి నడక అవి నడిచి వచ్చాయి, ఆ గొడవంతా వేరే.

"కాంట్రాక్టు కాదండి," అన్నాడు. "మా మనిషే. ఈవిడకే చేయండి."

ఆమె వెనక్కి తిరగలేదు. వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ టైపు చేయసాగింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను, ఒక్క అక్షరం కూడా సరైనది పడలేదు. మొత్తం చెరిపేసి, చున్నీతో ముక్కు తుడుచుకుని, ఈసారి ఒక్కొక్క అక్షరం కొట్టింది.